టోకియోలో ఒక పూటకూళ్ల యిల్లు



పంది మాంసపు వంటకమును గూర్చి ఈ పూట ప్రసంగింపబోవుచున్నామని చెప్పగానే కొన్ని యిండ్లలో రేడియో కట్టివేయుటకు చేయి సాగవచ్చును. ఆ చేతిని ఒక్క క్షణము ఆపవలసినదిగా ప్రార్థన. మన దేశమున ఆ మాంసమును మతనిషేధముచే ముట్టనివారు కొందరు; మాంసమనునదే ముట్టనివారు కొందరు; అలవాటు లేక దూరముగా నుండువారు మరికొందరు. వారిలో నెవ్వరిని తినుమని ప్రోత్సహించుట మా యుద్దేశము కాదు. ఆ పూట భోజనమునకు వెళ్లిన ముగ్గురు మిత్రులలో ఒకరు శుద్ధ శాకాహారి. మేము చెప్పదలచినది ఆ వంటకమును గూర్చి కొంత, దానిని వండి వడ్డించు తీరును గూర్చి మరికొంత. అంతకు మించి, పరదేశము నుండి వచ్చిన యొక వస్తువును ఒక జాతి తనదిగా నెట్లు చేసికొనునను విషయమును మీ ముందుంచవలెనని మా కోరిక.

ఆ వంటకము పేరు టోన్‌కాట్సు. జపాను భాషలో 'టోన్' అనగా పంది. 'కాట్సు' అనునది మాత్రము జపాను మాట కాదు. మన రైల్వే ఫలాహారశాలలలో వినబడు 'కట్లెట్' అను మాటయే అచ్చటివారి నాలుకపై 'కాట్సురెట్సు' అయి, క్రమముగా తోక తెగి 'కాట్సు'గా మిగిలినది. పేరులోనే సగము స్వదేశము, సగము విదేశము. వంటకము కథయు అట్టిదే.

టోకియో మహానగరమున మెగురో అను పేట కలదు. రైలు స్టేషను పడమటి ద్వారము గుండా వెలుపలికి వచ్చి కొలది నిమిషములు నడచినచో 'టోంకి' అను భోజనశాలను చేరవచ్చును. ఇది 1939లో స్థాపింపబడినది. సాయంకాలము నాలుగు గంటలకు గాని తలుపు తెరువరు. జపానువారు అంగడి తెరచియున్నదనుటకు గుర్తుగా ద్వారమునకు ఒక గుడ్డ తెరను వ్రేలాడగట్టుదురు. ఆ తెరను చేతితో తొలగించుకొని మేము లోనికి పోయితిమి.

లోపల మొట్టమొదట కంటబడినది వంటయిల్లు. మన భోజనశాలలలో వంటయిల్లు సాధారణముగా వెనుకవైపు నుండును. వండువాడు భోజనము చేయువానికి కనబడడు; భోజనము చేయువాడు వండువానికి కనబడడు. ఇద్దరి నడుమ తిరుగు వడ్డనవాడు ఒక్కడే ఉభయులను ఎరిగినవాడు. మేము వెళ్లిన యింట వంటయిల్లే నట్టిల్లు. దానికి మూడు ప్రక్కల తెల్లని కొయ్యబల్ల అమర్చి, ఆ బల్ల వెంబడి భోక్తలను కూర్చుండబెట్టుదురు. పొయ్యి, బాణలి, కత్తి, పీట, వాటిని వాడు చేతులు అన్నియు అందరి కన్నుల యెదుటనే యుండును. బల్ల వెనుక గోడ పొడవునను మరికొన్ని ఆసనములు గలవు. అవి వంతుకై వేచియుండువారివి.

మేము అడుగు పెట్టగానే తెల్లని దుస్తులలో నున్న యొక పెద్దమనిషి మమ్ము చూచి, "రోసునా, హిరేనా?" అని మాత్రము అడిగెను. ఆ యింట వండునది ప్రధానముగా మూడే రకములు. అంచున కొవ్వుగల నడుము భాగపు ముక్క రోసు. కొవ్వు లేని మెత్తని ముక్క హిరే. మూడవది, చిన్న ముక్కలను పుల్లకు గ్రుచ్చి వేపినది. 'రోసు' అనునది ఇంగ్లీషు 'రోస్టు' నుండియు, 'హిరే' అనునది 'ఫిలే' అను ఫ్రెంచి మాట నుండియు వచ్చినవి. మేము ఇరువురము రోసు కోరితిమి. మా శాకాహారి మిత్రుడు హిరే కోరి, ఆ ముక్కను మాకు పంచి యిచ్చి, తాను అన్నము, ఊరగాయ, పచ్చి క్యాబేజీ మాత్రము స్వీకరించుటకు మాతో ముందే ఒప్పందము చేసికొనియుండెను.

గోడ వెంబడి కూర్చుండి వేచియున్న వారు చాలమంది. చేతికి చీటీ నిచ్చుట లేదు. వరుస సంఖ్య లేదు. పేరు వ్రాసికొనుట లేదు. ఎవరు ముందు వచ్చిరి, ఎవరు ఏమి కోరిరి, ఎవరు ఎవరితో కలిసి వచ్చిరి అను సంగతులన్నియు ఆ పెద్దమనిషి మనస్సులోనే యుంచుకొనును. నోటికి పని తక్కువగా నుండుటచే మా శాకాహారి మిత్రుడు ఆ పూటంతయు కంటికి పని చెప్పెను. మా తరువాత వచ్చిన పదిమందిని ఆయన గుర్తు పెట్టుకొని పరీక్షించెను. ఒక్కరి వంతు కూడ తారుమారు కాలేదు. కోటు ధరించిన ఉద్యోగి, పిల్లవానితో వచ్చిన తల్లి, ఒంటరిగా వచ్చిన ముదుసలి, మావంటి పరదేశీయులు ఒకే వరుసలో వేచి, వచ్చిన క్రమముననే బల్లను చేరిరి. దుస్తులను బట్టిగాని, పరిచయమును బట్టిగాని ఎవ్వరికిని ముందు చోటు దొరకలేదు.

ఇక వంట. బొటనవ్రేలి మందము గల మాంసపు ముక్కకు ఉప్పు, మిరియపు పొడి చల్లి, గోధుమపిండిలో పొరలించి, గ్రుడ్డు సొనలో ముంచెదరు. సాధారణముగా ఇతర చోట్ల ఈ పని ఒక్కసారియే చేసి రొట్టెపొడి అద్దుదురు. టోంకిలో పిండి, సొన, మరల పిండి, మరల సొన అని మూడు మారులు చేసిన తరువాతనే రొట్టెపొడిలో పొరలించి కాగిన పంది కొవ్వులో విడుతురు. మంట మిక్కిలి హెచ్చుగా నుండదు. మందమైన ముక్కను పెద్ద మంటపై వేపినచో పైభాగము మాడును; లోపల పచ్చిగా నుండును. పంది మాంసము పచ్చిగా నుండుట ఆరోగ్యమునకు ప్రమాదకరము. కావున పదునైదు ఇరువది నిమిషములు ఓపికతో వేపుదురు. మన యిండ్లలో అరిసెలు వండు తల్లులకు ఈ మర్మము క్రొత్తది కాదు.

ఆ రొట్టెపొడిని గూర్చియు ఒక మాట. ఐరోపావారు కట్లెట్టునకు వాడునది ఎండిన రొట్టెను మెత్తగా నూరిన సన్నని పొడి. జపానువారిది ముతకగా, రేకులవలె నుండును. రేకుల నడుమ సందులుండుటచే వేగునపుడు లోని ఆవిరి సులభముగా వెలికి పోవును. పై పొర కరకరలాడుచు నిలుచును. రొట్టెను జపానువారు 'పాన్' అందురు. అది పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారితో వారి దేశమున అడుగిడిన మాట. బొంబాయి వీధులలో నేటికిని వినబడు 'పావ్' అను మాటకును మూలము ఆ పోర్చుగీసు పదమే. సముద్రముపై వచ్చిన ఒకే మాట పడమటి తీరమున మన దేశమునను, తూర్పు కొననున్న జపానునను స్థిరపడినదన్నమాట.

వంతు వచ్చి బల్ల వద్ద కూర్చుంటిమి. వేగిన ముక్కను పీటపై నుంచి కత్తితో కోయునపుడు కరకరమను చప్పుడు మాకు స్పష్టముగా వినవచ్చెను. ఆ ముక్కలను పళ్లెములో వరుసగా అమర్చి, ప్రక్కను దారపు పోగులవలె తరిగిన పచ్చి క్యాబేజీని గుట్టగా పోసి, అంచున పసుపు పచ్చని ముద్ద నొక దానిని ఉంచిరి. ఒక గిన్నెలో అన్నము, వేరొక గిన్నెలో పులియబెట్టిన సోయా ముద్దతో కాచిన చారు, చిన్న పళ్లెరములో ఊరవేసిన కూరముక్కలు. ఆ చారులో పంది మాంసపు ముక్కలు వేయుదురు గనుక మా మిత్రుడు దానిని ముట్టలేదు. మాంసము తినని మనవారు జపానులో తిరుగునపుడు పైకి కూరచారుగా కనబడు దానిని గూర్చి కూడ ముందు విచారించుట అవసరము. అన్నమును, క్యాబేజీని అడిగినచో మరల వడ్డింతురు. వానికి వేరుగ వెల లేదు.

ఆ పసుపు ముద్ద ఏమని మీ రడుగవచ్చును. అది ఆవపిండి. జపానువారు 'కరాషి' అను పేర వాడు ఆవాలు మన దేశపు ఆవాల జాతికి చెందినవే. ముక్క కొసకు దాని నించుక తగిలించి నోట నుంచినంతనే ఘాటు ముక్కుపుటముల కెక్కెను. ఆవకాయతో పెరిగిన మా నాలుకకు అది పరాయి రుచి కాదు. మా శాకాహారి మిత్రుడైతే ఆవపిండిని అన్నములో కలుపుకొని, ఆ పూటకు తనకు పట్టుకొమ్మ దొరికినదని సంతోషించెను. పైన పోసికొను నల్లని చిక్కటి పులుసునకు మాతృక ఇంగ్లండులోని వూస్టరు పట్టణపు సాసు. ఆ వూస్టరు సాసులో మన చింతపండు కలదను సంగతి చాలమందికి తెలియదు. జపానువారు దానిని పండ్లతోను, కూరగాయలతోను తియ్యగా, చిక్కగా మార్చుకొనిరి. ఈ వంటకము కొరకే ప్రత్యేకముగా చిక్కని సాసును 1948లో కోబే నగరమున అమ్మకమునకు పెట్టిరి.

ఇంతకును ఈ భోజనము జపానువారికి అనాదిగా వచ్చినది కాదు. క్రీ. శ. 675లో టెమ్ము చక్రవర్తి ఆవు, గుఱ్ఱము, కుక్క, కోతి, కోడి, ఈ ఐదింటి మాంసమును సంవత్సరములో కొన్ని నెలలు తినరాదని శాసించెను. బౌద్ధమత ప్రభావము బలపడిన కొలది నాలుగు కాళ్ల జంతువులను తినుట హీనమను భావము దేశమున వ్యాపించెను. తినువారు లేకపోలేదు. అడవిపంది మాంసమును 'కొండ తిమింగిలము' అను మారుపేరుతో తినుచుండిరి. తిమింగిలమును చేపగా నెంచుటచే ఆ పేరుతో తిన్న దోషము లేదని వారి సమాధానము.

పాశ్చాత్యుల నౌకలు వచ్చి తలుపు తట్టిన పిమ్మట పరిస్థితి మారెను. 1872 జనవరిలో మెయిజి చక్రవర్తి స్వయముగా గోమాంసము భుజించినట్లు ప్రకటింపబడెను. దేశము పాశ్చాత్యులతో సమానముగా నిలువవలెనన్నచో ప్రజల దేహములు బలిష్ఠములు కావలెననునది నాటి పాలకుల వాదము. అందరును దానిని అంగీకరింపలేదు. ఆ సంవత్సరముననే పదిమంది కొండదీక్షాపరులు ఈ మాంసభక్షణమువలన దేశము మైలపడుచున్నదని రాజప్రాసాదములో బలవంతముగా ప్రవేశింప యత్నించిరి. వారిలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. నేడు మధ్యాహ్న విరామమున గుమాస్తాలు సాధారణముగా తిను భోజనము వెనుక అట్టి సంఘర్షణ యున్నదని తలచినచో ఆశ్చర్యము కలుగకమానదు.

1895లో టోకియోలోని గిన్‌జా పేటలో 'రెంగతెయి' అను పాశ్చాత్య భోజనశాల వెలసినది. ఫ్రెంచివారు దూడమాంసమును వెన్నలో వేపి చేయు కట్లెట్టు జపానువారి కడుపునకు బరువుగా తోచెను. అందుచే 1899లో అచ్చటివారు దూడకు బదులు పందిని గ్రహించి, వెన్నకు బదులు నిండు బాణలిలో, తమ కలవాటైన టెంపురా వేపుడు పద్ధతిని, వేపిరి. 1904లో రష్యాతో యుద్ధము రాగా వంటవారు సైన్యమునకు పోయిరనియు, ఉడికించిన కూరలను సిద్ధపరచుటకు చేతులు చాలక పచ్చి క్యాబేజీని తరిగి పెట్టిరనియు చెప్పుదురు. కొరతలో పుట్టిన ఆ ఏర్పాటు నూనెవంటకమునకు తోడుగా నాలుకకు హితవై, యుద్ధము ముగిసినను నిలిచిపోయినది.

అప్పటికిని దానిని తినుటకు కత్తి, ఫోర్కు కావలసియుండెను. 1920వ దశాబ్ది చివర, 1930 ప్రాంతమున ఉయెనో పేటలోని వంటవారు మందమైన ముక్కను వేపి, వంటయింటిలోనే కోసి, జంటపుల్లలతో తినుటకు వీలుగా అన్నముతో పెట్టసాగిరి. ఈ కీర్తి తమదే యనువారు ఒకరికంటె నెక్కువ. ఎవరిదైనను, ఆ కోతతో కథ మలుపు తిరిగినది. కత్తి భోక్త చేతినుండి వంటవాని చేతికి మారినది. రొట్టె స్థానమున అన్నము వచ్చినది. పరదేశపు వంటకము ఇంటివంట అయినది. 'కాట్సు' అను ధ్వనికి జపాను భాషలో 'గెలుచుట' అను అర్థము కూడ కలదు. పరీక్షకు ముందు విద్యార్థులకు తల్లులు ఈ వంటకమును పెట్టుట నేడొక ఆచారము. కట్లెట్టు అను అతిథి చివరకు ఇంటి శకునములలో కూడ చేరినాడన్నమాట.

ఈ కథ వినిన కొందరు 'పరుల అనుకరణ' యని తేలికగా తీసివేయవచ్చును. మాకు అట్లు తోచలేదు. ఇంగ్లీషువారి కట్లెట్టు మన దేశమునకును వచ్చినది. మన కాఫీ హోటళ్లవారు, రైల్వే ఫలాహారశాలలవారు మాంసమును తీసివేసి, ఆలుగడ్డ, కారట్టు, బీటురూటు చేర్చి, అల్లము, పచ్చిమిర్చి దట్టించి దానిని మన పంక్తికి పనికివచ్చునట్లు చేసికొనిరి. ఒకే కట్లెట్టు అచ్చట పంది మాంసము, ఇచ్చట బీటురూటు అయినది. అంతయేల? మిరపకాయ అమెరికా ఖండమున పుట్టినది. పోర్చుగీసువారి ఓడలతో మనకు చేరినది. నేడు గుంటూరు మిరపకాయను పరాయిదనుటకు ఎవరికి నోరాడును? దానిని మన నేలలో విత్తి, మన యెండలో ఆరబెట్టి, మన రోటిలో దంచి, తరతరములుగా శ్రద్ధ పెట్టితిమి గనుక అది మనదైనది. వస్తువు ఎచ్చట పుట్టినదను ప్రశ్నకంటె, దానిపై ఎవరు ఎంత శ్రమ చేసిరను ప్రశ్నయే ముఖ్యమని మా అభిప్రాయము.

ఆ శ్రమనే మేము మెగురోలో కన్నులార చూచితిమి. ఒకరు పొద్దుననుండి క్యాబేజీ తరుగువారు, ఒకరు బాణలి కడ నిలుచువారు, ఒకరు కోయువారు, ఒకరు చారు పోయువారు. ఎవ్వరును మరియొకరి పనికి అడ్డుపడరు. బల్లపై చుక్క పడిన వెంటనే తుడుతురు. పూట పూటకు అదే మాంసము, అదే పిండి, అదే గ్రుడ్డు. అయినను నూరవ ముక్కను మొదటి ముక్కవలెనే శ్రద్ధతో చేయుట సామాన్యమైన విషయము కాదు. అందరి కన్నుల యెదుట వండుటచే వండువాడు జవాబుదారియగుచున్నాడు. అందుచేతనే గౌరవమును పొందుచున్నాడు. మన పూటకూళ్ల యిండ్లలో ఎందరో నిపుణులైన వంటవారు పొగలో జీవితము గడపి, తినినవారు తమ ముఖమైనను ఎరుగక ముందే వెళ్లిపోయిరి. వంటయింటి తలుపు కొంచెము తెరచినచో శుభ్రత పెరుగుట యొక లాభము. ఆ చేతులకు దక్కవలసిన మర్యాద దక్కుట మరియొక లాభము. ఈ రెండవదానిని గూర్చి మనము తగినంత ఆలోచించుట లేదు.

ఈ భోజనము దినదినమును తినదగినదని మేము చెప్పుట లేదు. కొవ్వులో వేగిన వంటకము. ఆరోగ్యము విషయమై జాగ్రత్త వహింపవలసినవారు మితము పాటించుట మంచిది. మేమును రోసు ముగించి, మిత్రుని హిరేలో సగము తినునప్పటికి, తరిగిన క్యాబేజీ విలువ పూర్తిగా గ్రహించితిమి.

వెల చెల్లించి లేచితిమి. జపానులో వడ్డించినవారికి వేరుగ బహుమానము ఇచ్చు ఆచారము లేదు, ఇచ్చినను పుచ్చుకొనరు. దానికి బదులుగా వెళ్లువారు ప్రతి యొక్కరును బల్లవైపు తిరిగి ఒక మాట యనుట గమనించితిమి. ఆ మాట 'గొచిసోసమ'. దానిలోని 'చిసో' అను పదమునకు మూలార్థము పరుగులిడుట. అతిథి కొరకు పదార్థములు సేకరించుటకై ఇంటివారు అటునిటు పరుగెత్తిన శ్రమను తలచి పలుకు కృతజ్ఞత అది. ఆ మాట వినగానే మా శాకాహారి మిత్రుడు చేతులు జోడించి, బాణలి వద్ద నున్న వానిని చూచి, తెలుగులోనే "అన్నదాతా సుఖీభవ" అనెను. వానికి భాష తెలియకపోయినను భావము తెలిసినది. చేతిలోని జల్లిగరిటెను దించి, తల వంచి నమస్కరించెను.